బోయిగూడ మోరిస్: అసలు పేరు

పోయిన వారం మనం స్వర్ణలతను వీధి గుమ్మంలో, తిరిగొచ్చిన దరఖాస్తు చేతిలో పట్టుకుని నిలబడ్డ చోట వదిలాం. ఆ కాగితంలో ఆమెకు ఎర్రసిరా గీత ఒక్కటే కనిపిస్తోంది. ‘కారును బాగుచేసినవారు’ అన్న గడిలో ఆమె గుండ్రటి అక్షరాలతో రాసిన ‘కె. బ్రహ్మచారి, బోయిగూడ’ చుట్టూ ఉందా గీత. పక్కనే మూడు మాటలు: ‘అసలు పేరు రాయండి.’ అడుగున ఇంకో వాక్యం: ‘ఆదివారం ఉదయం స్వయంగా వచ్చి చూస్తాను. జయకృష్ణ.’

ఈ వారమే మనతో కలిసినవారికి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. స్వర్ణలత బోయిగూడలో ఆటోలకు టాపులు, సీటు కవర్లు కుడుతుంది. నలభైకి దగ్గర పడిన మనిషి. తండ్రి బ్రహ్మచారి రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు వడ్రంగం చేసి రిటైరయ్యాడు. కార్ఖానా అనే పేటలో ఒక పాత బంగళా కూలగొడుతుంటే, ఆ ఇంటి పెద్దావిడ మేబెల్ తన తండ్రి నడిపిన 1936 నాటి మోరిస్ ఎయిట్ కారును తుక్కువాడికి తూకానికి ఇవ్వలేక, సోఫా సీట్లు కొలవడానికి వచ్చిన స్వర్ణలతకు ఊరికే ఇచ్చేసింది. తుప్పుపట్టిన రేకు, లోపల చెదలు తిన్న కర్ర, పట్టేసిన ఇంజను. దాన్ని తోపుడుబండి మీద ముక్కలుముక్కలుగా తెచ్చుకుని, ఇంటి ముందరి రేకుల షెడ్డులో రెండున్నరేళ్లు కష్టపడి, తండ్రీ కూతురూ, పక్కింటి మెకానిక్ ఐజాక్ కలిసి మళ్లీ కారును చేశారు. జయకృష్ణ వస్తానన్న ఆదివారానికి మరుసటి ఆదివారం పరేడ్ గ్రౌండ్‌లో పాత కార్ల ప్రదర్శన. అందులో ‘ఇంటి దగ్గర సొంత చేతులతో బాగుచేసుకున్నవి’ అని ఒక వర్గం. ఆ వర్గానికి పరిశీలకుడు జయకృష్ణే.

ఇక అతను వస్తానన్న ఆదివారం ఉదయానికి వద్దాం.

స్వర్ణలత తల్లి కమలాబాయి పొద్దున్నే వాకిలి కడిగి, కారు ముందు చక్రాల దగ్గర నుంచి గేటు దాకా ముగ్గు పెట్టింది. పండుగ కాదు గదా అమ్మా అంటే, ‘‘ఇంటికి పెద్దమనిషి వస్తుండు, వాకిలి బోసిగ ఉంచుతమా?’’ అంది. స్వర్ణలత తలలో రాత్రి నుంచి ఒకటే తిరుగుతోంది. ఆ మూడు మాటలు. అసలు పేరు. అంటే రాసింది దొంగ పేరని గదా.

బ్రహ్మచారి మాత్రం ఎప్పటిలాగే షెడ్డు మూల పీట వేసుకుని, నీళ్లు చల్లిన రాయి మీద ఉలి నూరుకుంటున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. సన్నటి ఒళ్లు, చెవిలో పెన్సిలు. పేరు బ్రహ్మచారి అయినా పెళ్లయి నలభై రెండేళ్లయిందని కమలాబాయి కొత్తవాళ్లందరికీ చెప్పే మాట. ఆ మాటకు కూడా ఆయన నవ్వడు, తల కొంచెం ఊపుతాడు, అంతే.

‘‘నాయినా, అంగీ మార్చుకో.’’

‘‘ఇదేమైంది?’’

‘‘మోచేతి కాడ చినిగింది.’’

‘‘పని అంగీ గిట్లనే ఉంటది బిడ్డా. ఆయన సూడొచ్చేది కారునా, నా అంగీనా?’’

ఐజాక్ అప్పుడే నూనె గుడ్డతో రేడియేటరు తుడుస్తూ నవ్వాడు. ‘‘అదీ కరెక్టే. కానీ అన్నా, ఆ సార్ యాప్రాల్‌లో పదకొండు కార్లు పెట్టిండంట. ఒక్కో కారుకు ఒక్కో షెడ్డు. ఏసీ షెడ్డు!’’

‘‘పదకొండు అయితే ఏంది, ఒక్కసారికి ఒక్కటే గదా నడిపేది,’’ అన్నాడు బ్రహ్మచారి.

గల్లీ మలుపులో హారన్ మోగింది. ఇప్పటి కార్ల కూత కాదు, రబ్బరు బుడగ నొక్కితే వచ్చే పాతకాలపు బొంగురు కేక. ఎదురు బాల్కనీల్లో జనం పోగయ్యారు. ముదురు నీలం రంగులో అద్దంలా మెరుస్తూ వచ్చి ఆగిన కారును చూసి స్వర్ణలత గేటు దాకా వెళ్లింది. అదీ మోరిస్ ఎయిటే. తమ కారుకు తోబుట్టువే. హైదరాబాదు మొత్తానికి నడిచే ఒకే ఒక్క మోరిస్ టూరర్, అంటే టాపు మడిచే రకం, తన దగ్గరే ఉందని జయకృష్ణ పేపర్లలో చెప్పుకునే కారు. దాన్ని స్వర్ణలత ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

జయకృష్ణ దిగాడు. యాభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చేతిలో చిన్న టార్చి, చంకలో ఫైలు. తలుపు వేశాడు. పడలేదు. కింద చెయ్యి పెట్టి కొంచెం పైకెత్తి మళ్లీ నెట్టాడు. ఈసారి రెండు చప్పుళ్లు చేస్తూ పడింది.

షెడ్డు మూలలో ఉలి నూరుతున్న చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో స్వర్ణలతకు అప్పుడు తెలియలేదు.

‘‘నమస్కారమండీ. స్వర్ణలత గారు మీరేనా? ఫోన్లో మాట్లాడింది?’’

‘‘నేనే సార్. రండి. వీళ్లు మా నాయిన, మా అమ్మ. ఈయన ఐజాక్ అంకుల్, ఇంజన్ పని ఈయనదే.’’

జయకృష్ణ అందరికీ నమస్కారం పెట్టాడు. మర్యాదకేమీ లోటు లేదు. కానీ ఆ కళ్లు అప్పటికే మనుషుల్ని దాటి కారు మీద వాలిపోయాయి. ముదురాకుపచ్చ ఒళ్లు, నల్లటి మడ్‌గార్డులు, ఊదారంగు సీట్లు, మడిచిపెట్టిన ఖాకీ కాన్వాసు టాపు. అతను కారు చుట్టూ ఒకసారి నడిచాడు. రెండోసారి నడిచాడు. ఆ తర్వాత ఆ తెల్లచొక్కాతోనే ముగ్గు మీద మోకాళ్లూని, వంగి, టార్చి వేసి కారు అడుగున చూడసాగాడు. స్వర్ణలతకు ఆ ఒక్క పనితో అతని మీద కోపం సగం తగ్గింది. కారంటే ప్రాణమున్న మనిషే, సందేహం లేదు.

‘‘రంగు ఎక్కడ వేయించారు?’’

‘‘ఈడనే సార్,’’ కమలాబాయి ముందుకొచ్చింది. ‘‘దుమ్ము పడకుంట షెడ్డు చుట్టూ నా పాతచీరలు పద్నాలుగు తడిపి కట్టినం. లోపట ఐజాక్ కంప్రెషర్ పట్టుకున్నడు. మూడు రోజులు నా ఇంట్ల ఒక్క చీర ఎండలే.’’

జయకృష్ణ పెదవి చివర చిన్న నవ్వు మొలిచింది. ‘‘అద్దం చుట్టూ ఈ రబ్బరు?’’

‘‘ఆటో అద్దాల రబ్బరు సార్,’’ అంది స్వర్ణలత. ‘‘వేడినీళ్లల్ల ఉంచి సాగదీసిన. సీట్లకు తోలు కొనే తాకత్ మాకు లేదు. ఆటో సీట్ల రెక్సినే, మంచిది ఏరి కుట్టిన. లోపట కొబ్బరిపీచు, పాత స్ప్రింగులే తిరిగి కట్టిన. హెడ్‌లైట్ గ్లాసు ఒకటి దొరకలేదు. ఒకటి అసలుది, ఒకటి రాణిగంజ్‌ల అరగదీయించింది. ఏది ఏదో మీరే చెప్పాలె.’’

అతను రెండు దీపాలనూ చాలాసేపు చూశాడు. చెప్పలేకపోయాడు. స్వర్ణలతకు లోలోపల పొంగింది గాని పైకి తేలనివ్వలేదు.

తర్వాత అతను డ్రైవరు తలుపు తెరిచాడు. వదిలేశాడు. తలుపు తన బరువుకు తానే వచ్చి ఒక్క చప్పుడుతో పడింది. గట్టిగా కాదు, మెత్తగా. మంచి బీరువా తలుపు పడినట్టు. అతను మళ్లీ తెరిచి వదిలాడు. మళ్లీ అదే చప్పుడు. మూడోసారి తెరిచి, వదలకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ముఖంలోని నవ్వు పోయింది.

‘‘అమ్మా, ఒక మాట అడుగుతాను. ఏమనుకోకూడదు.’’

‘‘అడగండి సార్.’’

‘‘ఈ కార్లకు పైన కనిపించేది రేకు. లోపల నిలబెట్టేది కర్ర. ఆ కర్ర చట్రం కట్టడం దేశంలో పట్టుమని పదిమందికి కూడా రాదు. నేను నా బండికి చెన్నైలో చేయించాను. పద్నాలుగు నెలలు తిరిగాను వాళ్ల చుట్టూ. ఇదిగో, ఈ వెనక మూల వంపు చూడండి. ఇది ఇంట్లో కూర్చుని చేసే పని కాదండీ. ఇది ఎవరో పెద్ద పనివాడి చెయ్యి. బయట చేయించుకోవడంలో తప్పేం లేదు. డబ్బిచ్చి చేయించుకున్నామని రాయండి, వేరే వర్గంలో సంతోషంగా చేర్చుకుంటాను. కానీ ఇంటి దగ్గర బాగుచేసుకున్నవాళ్ల వర్గంలో పోటీకి దింపి, ఇంట్లో పెద్దాయన పేరు రాసేస్తే ఎలా? నిజంగా సొంత చేతులతో చేసుకున్నవాళ్లకు అన్యాయం కదూ?’’

ఐజాక్ చేతిలోని గుడ్డ కింద పెట్టేశాడు. కమలాబాయి కొంగు నడుముకు దోపుకుంది.

స్వర్ణలత అతని ఎదురుగా వచ్చి నిలబడింది. ‘‘సార్, మీరు చదువుకున్నోళ్లు. పెద్దోళ్లు. మా ఇంటికి వచ్చిన్రు. అందుకని నేను నెమ్మదిగ చెప్తున్న. అసలు పేరే రాసిన. ఇంకో పేరు లేదు.’’

‘‘ఎవరైనా నేర్పారా? సాయం చేశారా?’’

‘‘రైలు డబ్బాలు నేర్పినయ్.’’

ఆ మాట అనేసరికి ఆమెకు చిన్ననాటి సంగతి కళ్లముందు కదిలింది. ఎప్పుడో రైల్లో కాజీపేట పోతుంటే, తండ్రి కిటికీ చెక్కను వేలితో తడిమి చూసి, ‘‘ఇది నేను చేసిందే,’’ అన్నాడు. తొమ్మిదేళ్ల స్వర్ణలత ఆ చెక్కంతా వెతికి, ‘‘నీ పేరు లేదు గదా నాయినా?’’ అని అడిగింది. ‘‘పేరెందుకు? కిడికీ ఊగుతలేదు గదా,’’ అన్నాడాయన. ఆయనకు ఆ జవాబు చాలింది. ఆమెకు మాత్రం ఇన్నేళ్లయినా చాలలేదు. ఎన్ని వేలమంది ఆ కిటికీలకు తల ఆనించి నిద్రపోయారో, ఒక్కరికీ బ్రహ్మచారి అనే మనిషి ఉన్నాడని తెలియదు. ఈ కారు ఎందుకు మొదలుపెట్టావని అడిగిన ప్రతివాళ్లకూ సరదాకని చెప్పింది గాని, నిజం అది కాదు. ఒక్క కాగితం మీద, నలుగురూ చదివే చోట, తండ్రి పేరు ఉండాలి. అంతే ఆమె కోరింది.

‘‘రైలు డబ్బాల పని వేరండీ,’’ అంటున్నాడు జయకృష్ణ. ‘‘ఇది...’’

‘‘ఏం వేరు సార్? జెర చెప్పండి, ఏం వేరు? మా నాయిన ఆఫీసర్లు తిరిగే పాత సెలూన్ రైలు డబ్బాలు, మొత్తం టేకువి, విప్పి కట్టిండు. ఈ కారు కర్ర యాడికెల్లి వచ్చిందో తెల్సా? కూలగొట్టిన ఇండ్ల దర్వాజలు. ఒక్కొక్కటి తట్టి సప్పుడు విని కొన్నడు. వంపులకు తుమ్మకర్ర, బండి చక్రాలు చేసే కర్ర. మా తాత బండి చక్రాలు చేసేటోడు. ఉడకబెట్టి వంచిన్రు, మా అమ్మ బట్టలుతికే గాబుల! అండ్ల ఎనిమిది ఇరిగిపోయినయ్. తొమ్మిదోది నిలిచింది. గా ఇరిగినయి పొయ్యిల పెట్టనియ్యలే నేను, మెట్ల కింద పెట్టిన, రండి చూపిస్త!’’

‘‘స్వర్ణా. ఊకో బిడ్డా.’’

బ్రహ్మచారి లేచాడు. ఉలిని అంగీ అంచుతో తుడిచి, పీట మీద జాగ్రత్తగా పెట్టాడు. జయకృష్ణ దగ్గరకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు. పనిచోట పక్క మనిషితో మాట్లాడినట్టే ఉంది.

‘‘సార్, మీ బండి తలుపు ఎప్పటిసంది కిందికి జారుతుంది?’’

జయకృష్ణ తెల్లబోయాడు. ‘‘ఏ తలుపు?’’

‘‘మీరు దిగిన తలుపు. ఎత్తి ఏసిన్రు గదా. రెండు సప్పుళ్లు వచ్చినయ్. మొదటిది గొళ్లెం తప్పి తాకింది, రెండోది లోపట కూసున్నది. తలుపు మడతబందులు మంచిగనే ఉండొచ్చు. బందులు పట్టుకున్న కర్ర ఇడుస్తుంది.’’

‘‘మీరు అక్కడ మూల కూర్చుని ఉన్నారు కదండీ. చూడనేలేదు.’’

‘‘సూడలే. ఇన్న.’’

జయకృష్ణ తన కారు వైపు తిరిగాడు. ‘‘పోయిన వర్షాకాలం నుంచి,’’ అన్నాడు. ‘‘బందులు మార్పించాను రెండుసార్లు. నిలవడం లేదు.’’

‘‘ఒకసారి సూడనిస్తరా?’’

అందరూ గల్లీలోకి వచ్చారు. బ్రహ్మచారి నీలం కారు తలుపు తెరిచి, అడుగున రెండు వేళ్లు పెట్టి ఎత్తాడు. బొటనవేలు మందం పైకి లేచింది. తలుపును మోసే కారు స్తంభాన్ని మడిచిన వేలితో పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాడు. పైన గణగణ, మధ్యలో మామూలు, కింద మెత్తగా, తడిసిన అట్టను తట్టినట్టు. అక్కడ వేలు ఆపి జయకృష్ణ వైపు చూశాడు.

‘‘లోపలి గుడ్డ నాలుగు మేకులు లేపితే కనవడ్తది. లేపనా? మళ్ల నా బిడ్డ ఎట్లున్నది అట్లనే బిగిస్తది.’’

జయకృష్ణ తల ఊపాడు. స్వర్ణలత తన సన్నటి పట్టకారుతో మేకులు ఒక్కొక్కటే లేపింది. గుడ్డను వెనక్కి మడిచింది. లోపల స్తంభం అడుగుభాగం ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయి, తడిసిన పుస్తకంలా ఉంది. బ్రహ్మచారి గోటితో ఒక పొర లాగితే ఊడి చేతిలోకి వచ్చింది.

‘‘ప్లైవుడ్డు,’’ అన్నాడు. ‘‘పైన టేకు రంగు పూసిన్రు. ప్లైవుడ్డు చెడ్డదని కాదు సార్, దాని పని అది చేస్తది. కానీ బందు బరువు దాని అంచుల మొయ్యదు. కర్ర మోస్తది. మీకు అబద్ధం చెప్పి పెట్టిన్రు.’’

ఆ మాటల్లో ఎకసెక్కం లేదు. రోగికి రోగం పేరు చెప్పినట్టు చెప్పాడు. అదే జయకృష్ణకు ఎక్కువ తగిలింది. అతను ఆ ప్లైవుడ్ పొరను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పద్నాలుగు నెలలు. పేపర్లో ఫొటోలు. పోటీల్లో గెలిచిన మూడు కప్పులు.

‘‘ఇంకెన్ని చోట్ల ఉండొచ్చంటారు?’’

‘‘తట్టుకుంట పోతే తెలుస్తది.’’

‘‘మీ బండిలో ఇదే చోట ఏముంది? చూపిస్తారా?’’

బ్రహ్మచారి కూతురి వైపు చూశాడు. స్వర్ణలతకు ఆ చూపు అర్థమైంది. తాను కుట్టి బిగించిన లోపలి గుడ్డ అది, అడగకుండా ఆయన ముట్టడు. ఆమె గబగబా షెడ్డులోకి వెళ్లి ఆకుపచ్చ కారు తలుపు తెరిచి, తన చేత్తో బిగించిన మేకులు తన చేత్తోనే లేపింది. గుడ్డ తొలగింది.

జయకృష్ణ వంగి చూశాడు. తేనెరంగు టేకు. ముందు ఎవరింటి గడపో, ఎందరి పాదాలు తాకిన కర్రో. దాని లోంచి వచ్చిన అడ్డకర్ర, నిలువుకర్రలో దూరిన చోట వెంట్రుక పట్టే సందు లేదు. మేకు లేదు, జిగురు మరక లేదు. రెంటినీ కలిపి ఒక చిన్న కర్రచీల. చీల పక్కన పెన్సిలుతో తెలుగు అంకె, చిన్న బాణం గుర్తు. అతను టార్చిని దగ్గరగా పెట్టి, లోపలికి తల దూర్చి, అక్కడి నుంచి వెనక మూల వరకూ, ఆపైన కారు కింద కూడా, ఒక్కొక్క అతుకూ చూసుకుంటూ పోయాడు. ప్రతి అతుకు దగ్గరా పెన్సిలు అంకె. ఒకటి నుంచి అరవై మూడు దాకా. కారు కింద నుంచి లేచేసరికి అతని తెల్లచొక్కా మోచేతుల దగ్గర బూడిదరంగైంది.

అతను బ్రహ్మచారి కుడిచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. అరచేతిని తిప్పి చూశాడు. ఆ కాయల్ని, సగం గోరు లేని బొటనవేలిని.

‘‘నన్ను క్షమించాలండీ. ముప్పై ఏళ్లుగా ఈ బళ్లతోనే బతుకుతున్నాను. ఇలాంటి పని ఇంగ్లండు నుంచి తెప్పించిన పుస్తకాల్లో బొమ్మలుగా చూశాను. బోయిగూడలో ఉంటుందనుకోలేదు. అది నా తప్పు.’’

‘‘అయ్యో, గంత మాటెందుకు సార్,’’ అంటూ బ్రహ్మచారి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. కమలాబాయి మాత్రం వాకిట్లోనుంచి బాల్కనీల వైపు తలెత్తి, అందరికీ వినబడేలా, ‘‘ఇప్పుడు చాయ్ తాగుతరు గదా సార్?’’ అంది.

చాయ్ వచ్చింది. జయకృష్ణ ఫైలులోంచి కొత్త దరఖాస్తు తీశాడు. బానెట్ మీద పెట్టబోయి, రంగు గీసుకుంటుందని ఆగి, పీట అడిగి దాని మీద పెట్టి రాయడం మొదలుపెట్టాడు. స్వర్ణలత భుజం మీదుగా చూస్తోంది. ‘కారును బాగుచేసినవారు’ అన్న గడి దగ్గర అతను ఆగి, ‘‘పూర్తి పేరు చెప్పండమ్మా,’’ అన్నాడు.

‘‘కంచోజు బ్రహ్మచారి.’’

అతను అచ్చు అక్షరాల్లో, ఒక్కొక్కటీ నిలబెట్టి రాశాడు. దాని కింద అడక్కుండానే ‘ఇంజను: ఐజాక్. సీట్లు, టాపు: స్వర్ణలత’ అని చేర్చాడు. ఐజాక్ నూనె గుడ్డ తీసుకుని మళ్లీ రేడియేటరు తుడవసాగాడు. స్వర్ణలత తండ్రి వంక చూస్తే, ఆయన ఆ కాగితాన్ని చదవడం లేదు. దాని కింద ఉన్న పీట ఒక కాలు కొంచెం ఎత్తు తక్కువగా ఉందని, దాన్ని కాలి బొటనవేలితో అదిమి పట్టుకుని నిలబడ్డాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

‘‘ఇంకొక్క గడి మిగిలింది,’’ అన్నాడు జయకృష్ణ, ఇప్పుడు తేలిగ్గా. ‘‘చాసీ నెంబరు. ఇది నేనే బండి మీద చూసి నా చేత్తో రాయాలి. నిబంధన. నెంబరు రేకు ఎక్కడుంది?’’

‘‘రేకు లేదు సార్,’’ అంది స్వర్ణలత. ‘‘మాకు బండి వచ్చినప్పుడే లేదు. కాగితాలు సుత ఎప్పుడో పోయినయని మేబెల్ ఆంటీ చెప్పింది. ఆమె రాసిచ్చిన ఉత్తరమొక్కటే ఉన్నది.’’

‘‘ఫరవాలేదు. రేకు పోయినా చాసీ మీద, కింది ఇనుప చట్రం మీదే, అచ్చుకొట్టి ఉంటుంది. దాన్నెవరూ ఎత్తుకుపోలేరు.’’

ఐజాక్ డ్రైవరు కాళ్లు పెట్టే చోటి చెక్క విప్పి, కిరోసిన్ గుడ్డతో ఎడమవైపు ఇనుపదూలాన్ని రుద్దాడు. నల్లటి జిడ్డు కింద నుంచి అంకెలు ఒక్కొక్కటే తేలాయి. అతను వేలితో తడుముతూ చదివాడు.

‘‘ఒకటి... తొమ్మిది... సున్నా... నాలుగు... ఇది ఏడు. ఏడు. అంతే.’’

జయకృష్ణ పెన్ను మూడో అంకె దగ్గర ఆగిపోయింది.

‘‘మళ్లీ చదవండి,’’ అన్నాడు జయకృష్ణ.

ఐజాక్ మళ్లీ చదివాడు. జయకృష్ణ స్వయంగా వచ్చి, వంగి, టార్చి వేసి చూశాడు. లేచి గల్లీలోకి నడిచి, తన నీలం కారు బానెట్ ఎత్తాడు. వెనకే వచ్చిన స్వర్ణలతకు ఇంజను వెనక గోడ మీద తళతళలాడే ఇత్తడి రేకు కనిపించింది. దాని మీద అంకెలు.

ఒకటి, తొమ్మిది, సున్నా, నాలుగు, ఏడు.

ముందుగా తేరుకున్నది ఐజాక్. ‘‘సార్, ఒక్క నెంబర్ రెండు బండ్లకు ఉండదు. రేకు రెండు స్క్రూలతో ఊడొస్తది. చాసీ మీద కొట్టింది ఊడదు.’’

‘‘తెలుసు,’’ అన్నాడు జయకృష్ణ. ‘‘ఈ కాగితం మీద నేను సంతకం పెడితే, నా బండి దొంగదని నేనే రాసిచ్చినట్టు. పెట్టకపోతే మీది దొంగదన్నట్టు.’’

స్వర్ణలత వెనక్కి తిరిగి పీట మీది దరఖాస్తు చూసింది. ఇంకా సిరా ఆరని తండ్రి పేరు. ఇంత దగ్గరకొచ్చి ఇప్పుడా? ఆమె రెండు అడుగులు ముందుకు వేసింది. ‘‘సార్, మా నాయిన పేరుకు ఒక్కసారి ఎర్రగీత పెట్టిన్రు. ఇంకోసారి పెట్టనియ్య. మీ బండి సుత చెక్క విప్పుదాం. దాని చాసీ మీద ఏమున్నదో అందరం చూద్దాం.’’

జయకృష్ణ చుట్టూ చూశాడు. బాల్కనీల నిండా జనం. ఫోన్లు పట్టుకున్నవాళ్లు నలుగురు. అతను ఆ వేళ వద్దంటే ఎవరూ బలవంతపెట్టగలిగేవారు కాదు. బండెక్కి పోయినా ఆపేవారు కాదు.

‘‘విప్పండి,’’ అన్నాడు.

ఐజాక్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొదటి స్క్రూ వచ్చింది. రెండోది, మూడోది. బ్రహ్మచారి వచ్చి చెక్క జారకుండా ఒక అంచు పట్టుకున్నాడు. నాలుగో స్క్రూ చేతిలోకి వచ్చాక ఐజాక్ చెక్క కిందికి వేలు దూర్చాడు.

అప్పుడు జయకృష్ణ చటుక్కున వంగి, ఆ చెక్క మీద అరచెయ్యి ఆన్చి అదిమాడు.

‘‘ఆగండి. ఇది లేపితే మీకే తెలిసిపోతుంది. దానికన్నా ముందు నా నోటితో చెప్పాలి. పెద్దాయన ఎదురుగా చెప్పాలి.’’ అతను బ్రహ్మచారి కళ్లలోకి చూశాడు. ‘‘ఆ ఇత్తడి రేకు ఈ బండితో రాలేదండీ. ఇరవై రెండేళ్ల కిందట దాన్ని బిగించింది నేనే.’’